ఆదివారం వాక్యం వినేటప్పుడు బైబిల్ మూయకండి

ఆదివారం గుడిలో పాస్టర్ గారు చెప్పే వాక్యం బాగా వినాలంటే శనివారం రాత్రే మొదలుపెట్టాలి. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘమైతే ఏ ఆదివారం ఏ బైబిల్ పాఠాలు చదువుతారో ఆల్మనాక్‌లో, అంటే సంఘం వార్షిక క్యాలెండర్‌లో, ముందే ఉంటుంది, ఒక్కసారి చదువుకుని పడుకోండి. పాస్టర్ గారు ఒకే పుస్తకం వరుసగా చెబుతుంటే తర్వాతి అధ్యాయం చూసుకుని వెళ్లండి. త్వరగా నిద్రపోండి కూడా. బైబిల్లో చూడండి, త్రోయ అనే ఊళ్లో ఐతుకు అనే కుర్రాడు అపొస్తలుడైన పౌలు మాట్లాడుతుంటేనే కిటికీలో కూర్చుని నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు.

గుడిలో రిఫరెన్స్ (ఏ పుస్తకం, ఏ అధ్యాయం, ఏ వచనం) చెప్పగానే బైబిల్ తెరవండి. ఫోన్‌లో కంటే పుస్తకంలోనే మంచిది, ఎందుకంటే ఫోన్ తీస్తే వాట్సాప్ మెసేజ్ కూడా కనబడుతుంది. చదివిన వచనం దగ్గర వేలు పెట్టి, దానికి ముందూ వెనకా ఉన్న నాలుగైదు వచనాలు మీరే చదవండి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన అలవాటు ఇదే.

ఉదాహరణకు బైబిల్లో యిర్మీయా గ్రంథం 29:11 తీసుకోండి. కొత్త సంవత్సరం వాగ్దాన కార్డుల మీద ఎంతమంది ఇళ్లల్లో ఉంటుందో! దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే గానీ హానికరమైనవి కావు అన్న మాట అది. కానీ అది బబులోనుకు బందీలుగా వెళ్లిన యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరంలోది. పదో వచనం చూస్తే డెబ్బై ఏళ్లు గడిచాకే తిరిగి రప్పిస్తానని ఉంది, ఐదో వచనంలో అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి అని ఉంది. ఇది చూసినవాళ్లు "ఈ ఏడాదే నీకు ఉద్యోగం" అన్న మాట వినగానే గట్టిగా ఆమెన్ అనేయరు, కాస్త ఆగుతారు. నిజానికి ఎదురుచూపుల్లో ఉన్నవాళ్లకు ఆ ఉత్తరం మొత్తంగా చదివితేనే ఎక్కువ ధైర్యం దొరుకుతుంది.

ఇలా సరిచూసుకోవడం దైవజనుణ్ణి అగౌరవపరచడమేమో అని చాలామంది భయపడతారు. అక్కర్లేదండీ. బెరయ అనే ఊరివాళ్లు పౌలు చెప్పిందే లేఖనాల్లో రోజూ పరిశీలించి చూశారు, అందుకు వాళ్లని మెచ్చుకున్నారే గానీ తప్పుపట్టలేదు (అపొస్తలుల కార్యములు 17:11). గొంతు పెరిగినప్పుడు, కీబోర్డ్ మోగుతున్నప్పుడు మనసు కదలడం మంచిదే, కానీ కన్నీళ్లు వచ్చినంత మాత్రాన వాక్యం అర్థమైనట్టు కాదు.

నోట్‌బుక్‌లో అంతా రాసుకోకండి, రాస్తూ కూర్చుంటే వినడం ఆగిపోతుంది. వాక్యభాగం, ఆయన ముఖ్యంగా చెప్పిన మాట, మీకు అర్థంకానిది, ఈ వారం మీరు చేయాల్సిన ఒక పని, ఇవి చాలు. ఆ పని "ఇంకా ప్రేమగా ఉండాలి" అన్నట్టు కాకుండా "మాట్లాడడం మానేసిన తోడికోడలికి మంగళవారం ఫోన్ చేయాలి" అన్నంత స్పష్టంగా ఉండాలి. మధ్యాహ్నం భోజనాల దగ్గర పిల్లల్ని కూడా వాళ్లేం విన్నారో అడగండి, పెద్దవాళ్లు వదిలేసినవి వాళ్లు పట్టుకుంటారు.

అర్థంకానిది ఇంకా మిగిలితే పాస్టర్ గారిని బుధవారమో గురువారమో అడగండి. ఆదివారం ఆరాధన అయ్యాక ప్రార్థన చేయించుకోడానికి ఆయన చుట్టూ జనం ఉంటారు, మీ ప్రశ్నకు తీరిగ్గా జవాబు చెప్పే వీలుండదు.