రూమ్మేట్ మాటల్లో తేడా వినిపిస్తే

బెంగళూరు పీజీల్లో మన పిల్లలు గదికి ముగ్గురు నలుగురు సర్దుకుంటారు. అందుకే ఒకడు కుంగిపోతుంటే అమ్మానాన్నల కంటే ముందు తెలిసేది పక్క మంచం వాడికే.

ఏదో ఒక్క కారణంతోనే ఆత్మహత్య దాకా వెళ్లడం అరుదు. సబ్జెక్టులు తప్పడం పైకి కనిపించేది. లోపల చాలాసార్లు డిప్రెషన్, నిద్రలేమి, మందు అలవాటు లాంటివి ముందే పేరుకుని ఉంటాయి. ఇదివరకు ఒకసారి ఆత్మహత్యకు ప్రయత్నించి ఉంటే ప్రమాదం బాగా ఎక్కువ. రెండు మాటలు ప్రత్యేకంగా చెవిన పెట్టుకోండి. "ఏం చేసినా ఇంతే" అనేది నిరాశ. "నేను లేకపోతే ఇంట్లోవాళ్లకే నయం" అనేది తాను భారమైపోయానన్న నమ్మకం. ఫీజుకోసం అప్పు చేసిన ఇళ్ల పిల్లల్లో ఈ రెండోది తేలిగ్గా నాటుకుంటుంది.

టీ తాగుదామని బయటికి తీసుకెళ్లి, ఒంటరిగా ఉన్నప్పుడు సూటిగా అడగండి: "మామా, చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు. "పిచ్చి ఆలోచనలేం లేవు కదా?" అంటే మాత్రం "లేవు" అనే జవాబే వస్తుంది. అడిగాక ఆగండి, వాడు మాట్లాడేదాకా. "మీ నాన్న పరువేం కావాలిరా" అనకండి, భారమనుకుంటున్నవాడి మీద ఇంకో బరువు పెట్టినట్టే. ఎవరికీ చెప్పనని ఒట్టు కూడా వేయకండి.

అవునంటే, ఎలా, ఎప్పుడు అని ఆలోచించాడేమో అడగండి. ఆలోచించి ఉంటే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు. ప్రమాదకరమైనవి గదిలోంచి తీసేయండి. హోసూరు రోడ్డులోని మానసిక వైద్యశాల నిమ్హాన్స్ ఎమర్జెన్సీకి వెంట తీసుకెళ్లండి, రాత్రయినా చూస్తారు. కదలలేని పరిస్థితైతే ఎమర్జెన్సీ నంబరు 112కి ఫోన్ చేయండి. అంతదాకా రాకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి స్పీకర్ పెట్టి, పక్కన కూర్చుని ఫోన్ చేయించండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో వాడి మాట వినే అక్కకో మామయ్యకో ఆ రోజే చెప్పండి.

పోలీసు కేసవుతుందని ఆసుపత్రికి వెళ్లకుండా దాచేవాళ్లున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా చూడాలి, శిక్షించకూడదు.

డిప్రెషన్ మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. చాలామంది పదో రోజుకే "లాభం లేదు" అని మానేస్తారు. కుర్రవాళ్లలో ఈ మొదటి వారాల్లోనే చావు ఆలోచనలు ముదరొచ్చు కూడా. కాబట్టి మందుల షీట్లు మీ దగ్గర ఉంచుకుని ఏ రోజువి ఆ రోజు ఇవ్వండి, తేడా కనిపిస్తే వెంటనే డాక్టరుకి చెప్పండి, తర్వాతి అపాయింట్‌మెంటుకి మీరూ వెళ్లండి.