ఇంటర్నెట్ ఫోన్‌కు దారి: 3వ పాఠం – రౌటర్ వేగానికి కళ్లెం

పోయిన పాఠంలో ఐపీ ఫోన్ సెట్టింగ్స్‌లో వాయిస్ ప్యాకెట్లకు డీఎస్‌సీపీ (ముందు దారి ఇవ్వమని చెప్పే ముద్ర) 46 పెట్టాం. (కొన్ని ఫోన్లు టీఓఎస్ విలువ అడుగుతాయి, అక్కడ 184 వేయండి, రెండూ ఒకటే.) అయినా ఇంట్లో ఎవరో వీడియోలు అప్‌లోడ్ చేయగానే అవతలివాళ్లు "హలో, హలో" అంటున్నారా? అంటారు మరి. ముద్ర వేశాం గానీ దాన్ని చూసి దారి ఇచ్చేవాళ్లు ఇంకా లేరు.

ముందు లెక్క చూద్దాం. జీ.711 (మాటను అంకెలుగా మార్చే పద్ధతి) వాడే కాల్‌లో సాధారణంగా 20 మిల్లీసెకన్లకో ప్యాకెట్, అంటే సెకనుకు 50. ఒక్కోదాంట్లో మాట 160 బైట్లు, హెడర్లు 40. మొత్తం 80 కేబీపీఎస్. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌లో ఇదేమూలకు? కొరత వేగానిది కాదు, చిక్కంతా క్యూలో ఉంది. ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్ పెట్టెలో 250 కిలోబైట్లు పేరుకుంటే, వెనకొచ్చిన మాట 200 మిల్లీసెకన్లు ఆగాలి. ఒకవైపు ఆలస్యం మొత్తం కలిపి 150 దాటకుంటే మంచిదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ జీ.114 సిఫార్సు.

ఆ పెట్టె మన మాట వినదు. కాబట్టి దానికంటే కాస్త నెమ్మదిగా మన రౌటరే పంపితే, క్యూ రౌటర్‌లోనే నిలుస్తుంది. అక్కడ పెత్తనం మనది.

రౌటర్‌లో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో, క్యూను అదుపుచేసే ఎస్‌క్యూఎమ్ ప్యాకేజీ వేసుకుని, నెట్‌వర్క్ మెనూలో దాన్ని తెరవండి. ఇంటర్‌ఫేస్‌గా వాన్ (ఇంటర్నెట్ వైపు దారి) ఎంచుకోండి. రౌటరే యూజర్‌నేమ్‌తో లాగిన్ అవుతుంటే పీపీపీఓఈ-వాన్. వేగాల గడుల్లో ప్లాన్ కాగితం మీది అంకె వేయకండి. సాయంత్రం రద్దీలో కొలిచి, వచ్చినదాంట్లో 90 శాతం వేయండి: 10 ఎంబీపీఎస్ వస్తే 9000 (గడిలో లెక్క కేబీపీఎస్‌లో). క్యూ పద్ధతి కేక్, స్క్రిప్ట్ లేయర్ కేక్. పీస్ ఆఫ్ కేక్ అనేది కూడా కనిపిస్తుంది. అది మన 46ను పట్టించుకోదు. హార్డ్‌వేర్ ఫ్లో ఆఫ్‌లోడింగ్ (ప్యాకెట్లను చిప్పే నేరుగా దాటించడం) ఆన్‌లో ఉంటే ఆపేయండి, లేకపోతే ప్యాకెట్లు ఎస్‌క్యూఎమ్‌ను తప్పించుకుపోతాయి.

పనిలో పనిగా టీవీకీ, ల్యాప్‌టాప్‌కీ 46 తగిలించాలనిపిస్తుంది. వద్దు. లేయర్ కేక్‌లో వాయిస్ వరుసకు ప్రాధాన్యం పావు వంతు వేగం వరకే. దాటితే ఫోన్ కూడా ఆ తోపులాటలో నలుగుతుంది.

అభ్యాసం: పెద్ద ఫైలు అప్‌లోడ్‌కు పెట్టి, కాల్ కలిపి, రౌటర్‌లో టీసీ (క్యూల లెక్క చూపే కమాండ్) గణాంకాలు తీయండి. వాయిస్ వరుసలో ప్యాకెట్ల అంకె సెకనుకు సుమారు 50 చొప్పున పెరగాలి. కదలకపోతే ఫోన్ ముద్ర వేయడం లేదన్నమాట. 2వ పాఠానికి వెళ్లండి. అంకె పెరుగుతున్నా మాట తెగుతుంటే అప్‌లోడ్ గడిలో ఇంకో 500 తగ్గించి చూడండి. వైఫై మీద నడిచే ఫోన్ల సంగతి 4వ పాఠంలో.