నొప్పుల బిళ్ల వేసుకుంటున్నారా? పేగుల సంగతి కూడా చూసుకోండి

నేను గుంటూరు కొత్తపేటలో ఒక మందుల షాపులో ఫార్మసిస్టుని. మిర్చి సీజన్‌లో యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసి నడుం పట్టేసినవాళ్లు సాయంత్రానికి మా కౌంటర్ దగ్గరికి వస్తారు. "అమ్మా, నొప్పుల బిళ్లలు ఒక అట్ట ఇవ్వు. గ్యాస్ బిళ్లలు కూడా వెయ్యి, ఇక కడుపుకేం కాదు" అంటారు. "ఆగు బాబాయ్" అని చెప్పడం మొదలుపెట్టేది ఆ చివరి మాట దగ్గరే. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ బిళ్లలు పొట్టలో యాసిడ్ తగ్గిస్తాయి. పొట్టకీ, చిన్నపేగు మొదటి భాగానికీ అది మేలే. ఆ కింద మీటర్ల కొద్దీ ఉన్న పేగుకి నొప్పుల బిళ్లలతో జరిగే నష్టం యాసిడ్ వల్ల కాదు, కాబట్టి గ్యాస్ బిళ్ల దాన్ని ఆపలేదు.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్ అన్నీ ఒకే జాతి నొప్పుల మందులు. ఇవి ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవకుండా ఆపి నొప్పి తగ్గిస్తాయి. కానీ పేగు లోపలి పొరకు రక్తం సరిగా అందడానికీ, దాని మీద జిగురు నిలవడానికీ కావలసింది కూడా అవే. పైగా డైక్లోఫెనాక్ లాంటివి లివర్ నుంచి పైత్యరసంలో కలిసి మళ్లీ పేగులోకే వస్తాయి. పొర బలహీనపడితే పుండ్లు పడతాయి, రక్తం కొద్దికొద్దిగా కారుతుంది. 2005లో అచ్చయిన ఒక పరిశోధనలో 40 మంది ఆరోగ్యవంతులకు రెండు వారాలు డైక్లోఫెనాక్‌తో పాటు ఒమెప్రజోల్ కూడా ఇచ్చి, మింగే కెమెరాతో చూశారు. మూడింట రెండు వంతుల మందికి చిన్నపేగులో కొత్తగా దెబ్బలు కనిపించాయి.

అందుకని ముందు అట్ట వెనక చిన్న అక్షరాలు చదవండి. పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. ఒక డాక్టరు మోకాళ్లకి, ఇంకొకరు పంటికి రాసిన రెండు బిళ్లల్లో పేర్లు వేరైనా మందు ఒకే జాతిది కావచ్చు. రెండూ కలిపి వేసుకోకూడదు. విడిగా నాలుగు బిళ్లలు కత్తిరించి ఇస్తే పేరున్న ముక్క అట్టకే ఉండిపోతుంది. కవరు మీద మందు పేరు రాయించుకోండి, అడగడానికి మొహమాటం వద్దు.

మామూలు ఒళ్లు నొప్పులకు ముందు పారాసెటమాల్ చూడండి, పేగులకు అది చాలా నయం. పెద్దవాళ్లు 650 బిళ్ల ఆరు గంటలకొకటి చొప్పున రోజుకు నాలుగు దాటకూడదు. మందు తాగే అలవాటు, లివర్ జబ్బు ఉంటే డాక్టర్‌ని అడిగాకే. ఒక్క మోకాలో, భుజమో నొప్పి అయితే జెల్ రాయండి, రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. నొప్పుల బిళ్ల తప్పదనుకుంటే తక్కువ డోసు, తక్కువ రోజులు. అన్నం తిన్నాక వేసుకుంటే పొట్టలో మంట తగ్గొచ్చు గానీ పేగుకి పూర్తి రక్షణ రాదు. ఇంజెక్షన్ చేయించుకున్నా మందు రక్తం ద్వారా అక్కడికి చేరుతుంది.

నెలల తరబడి వాడేవాళ్లని నేను అడిగేది ఆయాసం గురించి. మెట్లెక్కితే ఆయాసం, మొహం పాలిపోవడం ఉంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. కడుపు నొప్పి లేకుండానే పేగులో రక్తం పోతూ ఉండొచ్చు. మామూలు ఎండోస్కోపీ చిన్నపేగు మొదటి భాగం దాకానే వెళ్తుంది, కాబట్టి అది నార్మల్ అని వచ్చినా నొప్పుల బిళ్లల సంగతి డాక్టర్‌కి చెప్పండి. ఐరన్ బిళ్లలకీ విరేచనం నల్లబడుతుంది. అది తారులా జిగురుగా, భరించలేని వాసనతో ఉంటే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

అరవై అయిదు దాటినవాళ్లు, రక్తం పలచబడే మందులు, స్టెరాయిడ్లు వాడేవాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు ఈ బిళ్లలు సొంతంగా కొనుక్కోవద్దు. గుండెకి రాసిన ఆస్పిరిన్ 75ని మాత్రం ఇది చదివి మానేయకండి. దాన్ని ఆపాలో వద్దో గుండె డాక్టరే చెప్పాలి.