రాత్రి రెండింటికి మంచం నుంచి బాత్రూం దాకా: ఇంట్లో పెద్దవాళ్ళు పడిపోకుండా

మా మామ్మ పడినా పడ్డానని ఒప్పుకోదు. "ఏటవలేదురా, అలా కూలబడ్డానంతే" అంటాది. పోయినేడు వానల్లో అలా కూలబడితే తుంటి ఎముక విరిగిందని ఎక్సరేలో తేలింది. మాది ఒడిశా-ఆంధ్రా బోర్డర్లో పర్లాకిమిడి, పాత పెంకుటిల్లు, ముందు అరుగు, రైలుపెట్టెల్లా వరసగా గదులు, చివర్న పెరట్లో బాత్రూం, మనవైపు చాలా ఇళ్ళు ఇంతే కదా. మేం తర్వాత చేసినవి, ముందే చేసుండాల్సినవి రాస్తున్నా.

ముందు ఏమీ కొనకండి. ఒక రాత్రి రెండింటికి వాళ్ళ మంచం మీంచి లేచి, లైటు వెయ్యకుండా బాత్రూం దాకా నడిచి చూడండి. నేను నడిచాను. మూడు గడపలు, టేబుల్ ఫ్యాన్ వైరు, తడికాళ్ళు తుడుచుకోడానికి వేసిన గోనెపట్టా (కాలు పెడితే అదే ముందుకి జారింది), లైటు స్విచ్చేమో గదికి అవతలి గోడ మీద. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి రోజుకి రెండుసార్లు ఈ దారిలో వెళ్ళొస్తంది, నేను ఇరవై ఏళ్ళు ఆ ఇంట్లో ఉండి ఎప్పుడూ గమనించలేదు.

వైరు గోడకి క్లిప్పులు కొట్టించాం, గోనెపట్టా తీసేశాం, గడపలకి అంచున తెల్ల పెయింటు. మంచం దగ్గర చెయ్యి అందేచోట స్విచ్చు, దారంతా జీరో బల్బులు. 2018లో తిత్లీ తుఫానుకి కరెంటు లేక ఎన్ని రాత్రులు చీకట్లో గడిపామో మనవాళ్ళకి చెప్పక్కర్లేదు, అందుకని మంచం కోడుకి ఒక ఛార్జింగ్ టార్చి కూడా వేలాడదీశాం.

నులక మంచం కుంగిపోయుంటే మార్చేయండి, అందులోంచి లేవడానికి మనకే కష్టం. మంచం అంచున కూర్చుంటే రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలి, మోకాళ్ళు తుంటి కంటే పైకి లేవకూడదు. లేవగానే నడవకుండా ఒకటి రెండు నిమిషాలు కాళ్ళు కిందకి వేసి కూర్చోమనండి. కొందరికి నిలబడగానే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు ఒకసారి బీపీ చూస్తే, పై నెంబరు 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ తగ్గితే డాక్టరుకి చెప్పాలి.

మందుల సంగతి మనలాంటి బోర్డరు వాళ్ళకి మరీ ముఖ్యం. గుండెకి బరంపురం, మోకాళ్ళకి శ్రీకాకుళం, మధ్యలో ఊళ్ళో మెడికల్ షాపు. మామ్మ డబ్బా మంచం మీద బోర్లిస్తే ఒకే బీపీ బిళ్ళ రెండు కంపెనీల పేర్లతో రెండు చోట్ల రాసిందే, రెండూ వేసుకుంటంది! స్ట్రిప్పు మీద పెద్దక్షరాల పేరు కాదు, కింద చిన్నక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చూడండి. నిద్రబిళ్ళలు, నీరు తీసే బిళ్ళలు, ప్రోస్టేటు మందులు కూడా తూలిస్తాయి. మీ అంతట మీరు మాన్పించకండి, డబ్బా మొత్తం పట్టుకెళ్ళి ఒకే డాక్టరుకి చూపించండి.

బాత్రూంలో గచ్చు మీద పాచి పడితే బ్లీచింగ్ వేసి రుద్దించండి, కానీ బ్లీచింగూ యాసిడూ కలిపి పొయ్యొద్దు, విషవాయువొస్తది. తలంటు రోజున నూనె కింద పడుతుంది కాబట్టి ఆరోజు మనిషి తోడుండాలి. స్నానానికి ప్లాస్టిక్ స్టూలు కాదు, కాళ్ళు జారని గట్టి కుర్చీ. గోడకి పట్టుకోడానికి స్టీలు రాడ్డు వేయించండి, తువ్వాలు రాడ్డు మనిషి బరువు ఆపదు, మా ప్లంబరు అదే వేసేసి వెళ్ళబోయాడు, బోల్టులు దింపి వేసేదాకా వదల్లేదు. అరిగిన హవాయి చెప్పులు పారేయండి, చీర చీలమండల పైకి కట్టుకోమనండి. చేతికర్ర నొప్పి కాలికి ఎదురు చేత్తో పట్టుకోవాలి, అడుగున రబ్బరు అరిగితే మార్చాలి.

కాళ్ళలో బలం లేకపోతే ఇవన్నీ సగమే. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేచి కూర్చోడం రోజూ పదిసార్లు, మొదట్లో పక్కన ఎవరన్నా ఉండాలి, ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టర్ని అడిగాకే. కుర్చీలోంచి లేచి పదడుగుల దూరం (మూడు మీటర్లు) నడిచి తిరిగొచ్చి కూర్చోడానికి 12 సెకన్లు దాటితే పడే ప్రమాదం ఎక్కువని లెక్క.

పడిపోతే గబుక్కున లేపకండి, మేం ఆ తప్పే చేశాం. ఒక కాలు పొట్టిగా అయి పాదం బయటికి తిరిగిపోతే తుంటి విరిగిందేమోనని అనుకోండి, మాలిష్, నాటు కట్లు వద్దు, కదపకుండా 108కి ఫోన్. తలకి దెబ్బ తగిలి రక్తం పలచబరిచే బిళ్ళలు వాడుతుంటే బాగానే ఉన్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే.

"పడ్డావా" అని అడిగితే మా మామ్మ లేదనే అంటాది. ఇప్పుడు మా అమ్మ తల దువ్వుతూ "నిన్న ఎక్కడ కూలబడ్డావు?" అని అడుగుతంది, అప్పుడు చెప్తాది.