దీవికి మకాం మార్చేముందు పడవ రాని వారం ఒకటి చూసి రండి

సెలవులకు వెళ్లి నాలుగు రోజులుండి, "ఇక ఇక్కడే ఉండిపోదాం" అనుకున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని. అలా అనుకున్న ఏడాదిన్నరకు గానీ సామాను కట్టలేదు. ఇప్పుడు పెద్ద నగరాల నుంచి ఫోన్ చేసి "మేమూ వచ్చేద్దామనుకుంటున్నాం, ఏమంటారు?" అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇదీ.

ముందు ఆ దీవిని దాని చెడ్డ రోజుల్లో చూడండి. నేను తుఫాన్ల కాలంలో మూడు వారాలకని గది తీసుకున్నాను. రెండో వారంలో ఐదు రోజులు పడవ రాలేదు. మొదటి రోజు సరదాగానే గడిచింది. మూడో రోజుకి కొట్లో కొవ్వొత్తులూ పాలపొడీ తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు. నాలుగో రోజు ఫోన్‌లో మా ఆయనతో కారణం లేకుండా గొడవపడ్డాను. ఐదో రోజు, రాదని తెలిసీ నాలుగుసార్లు రేవుకెళ్లి చూసొచ్చాను. పక్కింటావిడ మాత్రం తీరిగ్గా వల బాగుచేసుకుంటోంది. ఆమెలా కూర్చోవడం నాకు ఎన్నాళ్లకు చేతనవుతుందని ఆలోచించాకే మిగతా లెక్కలు మొదలుపెట్టాను.

పడవల టైమ్‌టేబుల్ చూసి మురిసిపోకండి. కిందటేడు ఎన్ని రోజులు ఆగిపోయాయో అడగండి. టికెట్లమ్మేవాళ్లకంటే సరుకు దించేవాళ్లు ఉన్నమాట చెబుతారు. నగరంలో పదింటికి డాక్టరు అపాయింట్‌మెంట్ అంటే ఒక పూట పని. నాకిప్పుడు రెండు రాత్రులు బయట పడుకోవాల్సిన పని. అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే ఎవరు, ఎందులో, ఎక్కడికి తీసుకెళ్తారు? దీనికి సూటి జవాబు దొరక్కపోతే, ఇంట్లో పెద్దవాళ్లుంటే మాత్రం, అక్కడితో ఆగిపోండి.

నేను బోల్తాపడింది నీళ్ల దగ్గర. చిన్న దీవుల్లో చాలాచోట్ల నేలలోకి ఇంకిన వాననీరు, అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. లెక్క ప్రకారం సముద్రమట్టానికి పైన 1 మీటరు మంచినీరుంటే, కింద సుమారు 40 మీటర్లుంటుంది. అదే లెక్క తిరగేస్తే టెన్షన్ పుడుతుంది: పైన మీటరు తగ్గితే కింద ఉప్పునీరు 40 మీటర్ల దాకా పైకి రాగలదు. అందుకే పెద్ద మోటారు పెట్టి తోడితే బావి పాడవుతుంది. వానల్లో చూసి ముచ్చటపడ్డ ఇంటి బావి, ఎండలు ముదిరేసరికి సబ్బు నురగ రానంత ఉప్పెక్కింది. అప్పటికింకా అడ్వాన్సే ఇచ్చాను కాబట్టి బతికిపోయాను. మీరు ఎండలు ముదిరాక వెళ్లి ఒక గ్లాసు తాగి చూడండి.

కరెంటు ఎంత వాడుకోనిస్తారో కూడా కనుక్కోండి. స్కాట్లాండ్‌లోని ఎగ్ దీవి వాళ్లు 2008 నుంచి నీళ్లు, గాలి, ఎండలతో సొంతంగా కరెంటు చేసుకుంటున్నారు. ఒక్కో ఇంటికి 5 కిలోవాట్ల వరకే. గీజరూ ఓవెనూ వాషింగ్ మెషీనూ ఒకేసారి వేసే అలవాటు అక్కడ సాగదు.

మీకు పిల్లలు లేకపోయినా బడికి వెళ్లి ఎంతమంది చదువుతున్నారో చూడండి. ఏటేటా తగ్గుతున్నారంటే ముందు బడి, ఆ తర్వాత పడవ ట్రిప్పులు పోతాయి. అదే స్కాట్లాండ్‌లో సెయింట్ కిల్డా దీవి నుంచి వయసువాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోగా, మిగిలిన 36 మందీ తమను తరలించమని ప్రభుత్వాన్ని అడిగి 1930 ఆగస్టులో ఊరు ఖాళీచేశారు.

మనుషుల సంగతి. మొదటి నెలలో వడ్రంగి పని బాగాలేదని కొట్లో అన్నాను. కొట్టావిడ అతని అక్క. సూది వేసే నర్సు అతని భార్య. వేరే వడ్రంగి లేడు. ఆర్నెల్లు మా తలుపు కిర్రుమంటూనే ఉంది.

నగరంలో ఇల్లుంటే అమ్మకండి. ఇక్కడ ఏడాదంతా అద్దెకుండి చూడండి. కొత్త ఫ్రిజ్, ఖరీదైన సైకిల్ తేవద్దు, ఉప్పుగాలి తినేస్తుంది. సామాను కట్టేముందు, రేవులో ఎంత బరువుదాకా ఎక్కిస్తారో అడగండి. మా అమ్మ ఇచ్చిన ఇనప బీరువా ఇప్పటికీ అవతలి ఒడ్డున గోదాములోనే ఉంది. నెలనెలా దానికి అద్దె కడుతున్నాం.