మొదటి గేమ్‌కి కూర్చునే ముందు చూసుకోవాల్సినవి

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో ఉంటూ, ఈ శనివారం నుంచి సొంతంగా గేమ్ చేద్దామనుకుంటున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ.

☐ ఉద్యోగం ఉంటే ముందు ఆఫర్ లెటర్ తీసి చదవండి. తీరిక వేళల్లో చేసింది కూడా కంపెనీదే అనే షరతు కొన్నింట్లో ఉంటుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ మీద మాత్రం వద్దే వద్దు.

☐ గేమ్ చిన్నదేనా? 1972లో వచ్చిన పాంగ్‌లో ఉన్నవి రెండు బ్యాట్లు, ఒక బంతి, స్కోరు. ముందు అలాంటిది ఒకటి పూర్తి చేయండి. నేను ఏకంగా కురుక్షేత్రమే తీద్దామని దిగాను. కర్ణుడి సంగతేమో గానీ, నా రథచక్రం మొదటి వారమే దిగబడింది.

☐ ఇంజిన్‌గా, అంటే గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌గా, గొడోట్ తీసుకోండి. ఉచితం, రాయల్టీ లేదు. తెలుగు చూపించాలంటే 4వ వెర్షన్ గానీ ఆపైది గానీ ఉండాలి. 3లో ఒత్తులు చెదిరిపోతాయి. నోటో సాన్స్ తెలుగు ఫాంట్ పెట్టి, మొదటి రోజే ‘స్త్రీ’, ‘లక్ష్మి’ అని రాసి చూసుకోండి. మెనూలన్నీ అయ్యాక చూసుకుంటే ఏడుపే.

☐ సినిమా పాటలు లాగి పెట్టొద్దు. సీసీ0 లైసెన్స్ (ఎవరైనా అడక్కుండా ఉచితంగా వాడుకోవచ్చని అర్థం) బొమ్మలు, శబ్దాలు బోలెడు దొరుకుతాయి. ఏది ఎక్కడ తీసుకున్నారో రాసిపెట్టుకోండి.

☐ కోడ్‌లో చేసిన మార్పుల్ని దాచిపెట్టే గిట్ పెట్టారా? ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘అసలు ఫైనల్’ ఫోల్డర్లు బ్యాకప్ కాదు.

☐ ప్లే స్టోర్‌కి ఒక్కసారి 25 డాలర్లు కట్టాలి. కొత్త వ్యక్తిగత ఖాతా అయితే విడుదలకి ముందు 12 మంది 14 రోజులు వరసగా టెస్టర్లుగా ఉండాలి. పక్క గదుల వాళ్లని ఇప్పట్నుంచే మంచి చేసుకోండి.