మోటారుకు ఏ రేకు, ట్రాన్స్‌ఫార్మరుకు ఏ రేకు?

పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు మోటారు కట్టించుకునేవాళ్లు రాగి తీగ గేజీ అడుగుతారు, బేరింగు కంపెనీ అడుగుతారు. ఆ తీగ చుట్టే ఇనుప దిమ్మె (కోరు)లోని పల్చటి స్టీలు రేకుల సంగతి ఎవరూ అడగరు. రేకు చెడితే మాత్రం ఎంత మంచి తీగ చుట్టినా మోటారు లోడు లేకుండానే వేడెక్కుతుంది.

సిలికాన్ స్టీలులో ముఖ్యంగా రెండు రకాలు. సీఆర్‌జీఓ (కోల్డ్ రోల్డ్ గ్రెయిన్ ఓరియెంటెడ్)లో సిలికాన్ సుమారు 3 శాతం. దాని స్ఫటికాలు రోలింగ్ దిశలో బారులు తీరి ఉంటాయి. అయస్కాంత ప్రవాహం ఆ దిశలో సులువుగా పోతుంది, అడ్డంగా పోతే వేడిగా పోయే నష్టం దాదాపు మూడు రెట్లు. ట్రాన్స్‌ఫార్మరుకు ఇదే సరైనది, మందం 0.23 నుంచి 0.35 మి.మీ. మోటారులో ప్రవాహం గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి ఏ దిశలోనైనా ఇంచుమించు ఒకేలా ఉండే సీఆర్‌ఎన్‌జీఓ (నాన్ గ్రెయిన్ ఓరియెంటెడ్) కావాలి. అందులో 50సి470 గ్రేడు అంటే మందం 0.50 మి.మీ., 50 హెర్ట్జ్, 1.5 టెస్లా (అయస్కాంత ప్రవాహ సాంద్రత కొలత) దగ్గర నష్టం కిలోకు 4.7 వాట్లు మించదు. ఖరీదైనది కదా అని మోటారుకు సీఆర్‌జీఓ వెయ్యడం డబ్బు దండగ.

రేకులు ఎక్కువగా పాడయ్యేది పాత తీగ తీసేటప్పుడే. స్టేటరును (మోటారులో తిరగని భాగాన్ని) కట్టెల మంటలో పడేస్తే తీగ తేలిగ్గా ఊడొస్తుంది, దాంతోపాటు రేకుల మధ్య పల్చటి పూతా మాడిపోతుంది. రేకులు ఒకదానికొకటి అంటుకుని సుడి కరెంటు (ఎడ్డీ కరెంటు) పెరుగుతుంది. ఒకవైపు తీగ తలలు కోసేసి, స్టేటరును ఓవెన్‌లో 360 డిగ్రీలు దాటకుండా కాల్చండి. వేడి కొలిచే థర్మోకపుల్ కోరుకే ఆనాలి. వార్నిష్‌కు నిప్పంటుకుంటే ఓవెన్ గాలి కంటే కోరే ఎక్కువ వేడెక్కుతుంది. స్లాట్లకు (తీగ కూర్చునే గాళ్లకు) ఆకురాయి పెట్టొద్దు, గరుకు అంచులు రేకులను కలిపేస్తాయి.

కొత్త తీగ వెయ్యకముందే కోరును పరీక్షించాలి. స్టేటరు పొడవు 100 మి.మీ., స్లాటు అడుగు నుంచి బయటి అంచుకు 20 మి.మీ. అనుకుందాం. పూత మందం పోను నికర కోరు వైశాల్యం 1,900 చ.మి.మీ. 1.3 టెస్లాకు వోల్టుకు 1.82 చుట్లు. అంటే కోరు లోపలినుంచి బయటికి 44 చుట్లు వేసి, విడి ట్రాన్స్‌ఫార్మరు నుంచి 24 వోల్టులు ఇవ్వాలి. పావుగంటలో ఏదైనా ఒకచోట మిగతా కోరు కంటే 10 డిగ్రీలు మించి వేడెక్కితే అక్కడ రేకులు కలిసిపోయినట్టే. వాటిని విడదీసి వార్నిష్ ఎక్కించి మళ్లీ చూడండి.

స్టెబిలైజరు ట్రాన్స్‌ఫార్మరు కడితే లెక్క తేలిక: వోల్టుకు చుట్లు = 45 ÷ (టెస్లా × నికర కోరు వైశాల్యం చ.సెం.మీ.లో). 23.75 చ.సెం.మీ. కోరుకు 1.2 టెస్లా పెడితే 230 వోల్టులకు సుమారు 363 చుట్లు. చుట్లు మిగుల్చుకుందామని 1.5 పెట్టకండి. రాత్రి లోడు తగ్గి సప్లై 270కి చేరిందంటే 1.2 కాస్తా 1.4 అవుతుంది, కోరు తట్టుకుంటుంది. 1.5 అయితే 1.76కి ఎగబాకి, లోడు లేకున్నా లాగే ఖాళీ కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది.

ట్రాన్స్‌ఫార్మరు ఈ-ఐ రేకులు (E, I అక్షరాల ఆకారపువి) ఒకటి ఎడమనుంచి, ఒకటి కుడినుంచి మార్చి మార్చి దూర్చాలి. కోత గరుకు అంతా ఒకే వైపుకు ఉండాలి. బోల్టుకు ఇన్సులేషన్ స్లీవు, రెండు వైపులా ఫైబరు వాషర్లు తప్పనిసరి. హోరు వస్తే ముందు ఐ ముక్కల సందులు చూడండి, తర్వాత బోల్టు బిగించండి.